నేటాల్‌ తోటల్లో తెలుగు బైబిలు కూడికలు



పరదేశాల్లో ఉద్యోగాలు చేసుకునే మన క్రైస్తవ కుటుంబాలు సెలవుల్లో ఊరవతల ఒకచోట చేరి, రెండు మూడు రోజులు బైబిలు చదువుకుని రావడం మీరు వినే ఉంటారు. రిట్రీట్ అంటారు దాన్ని. ఆఫ్రికాలో ఉన్నవారూ వెళుతుంటారు. ఆ పేరూ ఆ సౌకర్యాలూ లేని కాలంలో, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌ తోటల్లో తెలుగు కూలీలు ఆదివారం పూట కూడి తెలుగు బైబిలు చదువుకున్నారు. ఆ కథ ఈ రోజు చెప్పుకుందాం. మీరు ఏ మతం వారైనా వినవచ్చు. ఇందులో మన భాష సంగతి చాలా ఉంది.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరిన కూలీలతో డర్బన్‌ రేవు చేరింది. అక్కడి నుంచి 1911 వరకు ఒప్పందం మీద నేటాల్‌ వెళ్లిన భారతీయులు 1,52,184 మంది. అందులో దాదాపు మూడింట రెండొంతులు మద్రాసు రేవులో ఓడెక్కినవారే. విశాఖ, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల తెలుగువారు వాళ్లలో ఎందరో ఉన్నారు. ఎక్కిన రేవును బట్టి అక్కడ అందరినీ కలిపి మద్రాసీలు అనేశారు. సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు ఈ బాధ కొత్తది కాదు కదా!

ఒప్పందం అయిదేళ్లు. మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం, ఆపైన ఏటా ఒక్కో షిల్లింగు పెంపు. ఆడవాళ్లకు అందులో సగం. బియ్యం, పప్పు, ఉప్పు లెక్కగా కొలిచి ఇచ్చేవారు. తోట దాటి వెళ్లాలంటే చీటీ కావాలి. చీటీ లేకుండా పట్టుబడితే శిక్ష. 1895లో చేసిన చట్టం ప్రకారం, ఒప్పందం ముగిశాక మళ్లీ కూలికి కుదరకుండా, స్వదేశానికీ తిరిగి వెళ్లకుండా అక్కడే ఉండిపోయినవారు ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలి. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు. నెలకు పన్నెండు షిల్లింగులు తెచ్చుకునేవాడికి అయిదు నెలల కష్టం! ఆ పన్ను 1914లో గానీ పోలేదు.

ఈ జనంలో క్రైస్తవులు చాలా కొద్దిమంది. వారిలో నెల్లూరు, ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘాలతో సంబంధం ఉన్నవారు కొందరున్నారు. వారికోసం 1903లో జాన్‌ రంగయ్య అనే తెలుగు బోధకుడు నెల్లూరు నుంచి నేటాల్‌ వెళ్లారు. ఆయనను పంపింది తెలుగు బాప్టిస్టులు తామే పెట్టుకున్న మిషన్‌ సంఘం. అప్పటిదాకా అమెరికా నుంచి దొరలు నెల్లూరుకు వచ్చేవారు. ఇప్పుడు నెల్లూరు నుంచి తెలుగువాడు సముద్రం దాటి బోధకుడిగా వెళ్లాడు. నన్నడిగితే, ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేరాకైనా తగినది.

ఆ ఏడాది డిసెంబరులోనే కియర్స్నీలో తొలి సంఘం ఏర్పడింది. అది స్టాంగర్‌ పట్టణానికి దగ్గర, హ్యూలెట్‌ దొరగారి తేయాకు తోటలున్న చోటు. స్టాంగర్‌ను ఇప్పుడు క్వాడుకుజా అంటున్నారు.

ఆ కూడికను ఒకసారి ఊహించండి. వచ్చినవారిలో చదువొచ్చినవాళ్లు అరుదు. ఒకరు చదివితే పదిమంది వినాలి. వినేవారిలో ఒకరిది విశాఖ యాస, ఒకరిది నెల్లూరు యాస, ఇంకొకరిది అరవం కలిసిన ఆర్కాటు తెలుగు. పుస్తకంలో ఉన్నదేమో గ్రాంథికం, అది ఎవరి ఇంటి మాటా కాదు. అందువల్ల చదివిన ప్రతి వాక్యాన్నీ మళ్లీ నోటి మాటల్లో విడమరచి చెప్పాలి. బడిలో రెండు భాషల పిల్లలకు పాఠం చెప్పే నాకు ఆ శ్రమ తెలుసు. దాదాపు ఆ రోజుల్లోనే ఇక్కడ పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు వాడుక భాష కోసం వాదన మొదలుపెట్టారు. నేటాల్‌ కూలీలకు ఆ వాదన చేరి ఉండదు, కానీ అవసరం మాత్రం వారం వారం ఎదురయ్యేది.

ఇంకో మాట. గాంధీగారి ఇండియన్‌ ఒపీనియన్‌ పత్రిక కూడా ఆ 1903లోనే డర్బన్‌లో మొదలైంది. ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళాలలో వచ్చింది. తెలుగు లేదు. అచ్చులో తెలుగు అంతగా దొరకని చోట, బైబిలు ఉన్న ఇంట్లో అది చదువుకునే పుస్తకంగా కూడా పనికొచ్చింది.

రంగయ్యగారు 1915లో నేటాల్‌లోనే కన్నుమూశారు. సంఘాలు నిలిచాయి. 1931లో మతంతో పనిలేకుండా భాష కోసం ఆంధ్ర మహాసభ ఏర్పడి, తెలుగు చదువులు చెప్పించింది. అయినా పిల్లలు ఇంగ్లీషు బడుల్లో చదివారు, ఇంగ్లీషులో ఉద్యోగాలు చేశారు, తాతలతో తప్ప తెలుగు మాట్లాడే పని వారికి లేకపోయింది. తాతలు పోయాక ఆ పని కూడా పోయింది.

1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగంలో, గౌరవించి పెంపొందించవలసిన భాషల వరుసలో తెలుగు పేరు ఉంది. 2014లో బడుల్లో ఐచ్ఛిక భాషగా తెలుగుకు మళ్లీ చోటు దొరికింది. అప్పటికి ఆ కూలీల మునిమనవలు తమ కూడికల్లో బైబిలును ఇంగ్లీషులోనే చదువుకుంటున్నారు.