ఆముదపు కాడల నాటి నుంచీ

చెవి, ముక్కు, గొంతు డాక్టరుగా నా దగ్గరికి సెల్‌ఫోన్‌లో హీరోయిన్ ఫొటో చూపించి "ముక్కు ఇలా రావాలండీ" అనే ఆడపిల్లలు చాలామందే వస్తారు. కత్తి సంగతి తర్వాత, ముందు ఈ కథ వినమంటాను.

తెగిన ముక్కుకు ఆకుతో కొలత తీసి, చెంప చర్మం అతికించమని మన ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు చెప్పాడు. ఊపిరాడేందుకు రంధ్రాల్లో ఆముదపు కాడలు పెట్టమన్నాడు. ముక్కు పొట్టిదైతే మళ్లీ పెంచమని, కండ పెరిగితే కోసి సమం చెయ్యమని కూడా రాశాడు. మొదటిసారికే కుదరకపోవచ్చని ఆయనకు తెలుసు.

1792లో టిప్పుతో యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లు తోలే కవాస్‌జీ పట్టుబడితే ముక్కూ, ఒక చెయ్యీ నరికేశారు. ఏడాది దాటాక పుణె దగ్గర ఇటుకలు చేసే కులం మనిషొకడు పల్చటి మైనపు రేకుతో ముక్కు అచ్చు తీశాడు. దాన్ని నుదుటి మీద పరిచి, చుట్టూ గీత గీసి, ఆ మేర చర్మం ఒలిచి కిందికి తిప్పాడు. కనుబొమల మధ్య సన్నని పట్టీ మాత్రం తెంచలేదు. కొత్త ముక్కుకు నెత్తురు అందేది దాంట్లోంచే. దాదాపు 25 రోజులకు గానీ దాన్ని కొయ్యలేదు. ఆ ఓర్పుకు నేను చేతులెత్తి మొక్కుతాను. 1794 అక్టోబరులో లండన్ 'జెంటిల్‌మన్స్ మేగజైన్' ఈ సంగతి అచ్చువేసింది. 1814లో జోసెఫ్ కార్ప్యూ అక్కడ ఇదే పద్ధతిలో ఆపరేషన్ చేశాడు.

అవన్నీ ముక్కు పోయినవాళ్లకు. ఉన్న ముక్కును అందం కోసం దిద్దడం తర్వాతి మాట. 1899లో వియన్నాలో గెర్జూనీ పారఫిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాక ఆ మోజు యూరప్ అంతా పాకింది. పారఫిన్ గడ్డలు కట్టింది, కిందికి జారింది, రక్తనాళంలోకి వెళ్లి కొందరి చూపు తీసింది. అందగత్తె గ్లాడిస్ డీకన్ మొహం దానివల్లే పాడైంది. ఇంజెక్షన్‌తో ఎక్కించే నేటి ఫిల్లర్లు వేరే పదార్థాలే గానీ, ముక్కు దగ్గర నాళం మూసుకుంటే ప్రమాదం అదే.

ఇక ఆపరేషన్ సంగతి. వేరేచోట ముక్కు సన్నం చేయించుకున్న ఒకమ్మాయి నా దగ్గరికొచ్చింది. గాలి పీల్చగానే ముక్కుపక్కలు లోపలికి అంటుకుపోతున్నాయి, రాత్రంతా నోరు తెరుచుకునే నిద్ర. మృదులాస్థి మరీ ఎక్కువ తీసేస్తే అంతే. నడిగోడకు చిల్లు పడొచ్చు, కొన తిమ్మిరెక్కొచ్చు. వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది పట్టొచ్చు. నూటికి 5 నుంచి 15 మందికి మళ్లీ ఆపరేషన్ అవసరమవుతుంది. అది మొదటిదానికన్నా కష్టం.

చేయించుకోవద్దని అనను. ఊపిరి సంగతేమిటో, తేడా వస్తే మళ్లీ ఎవరు చేస్తారో ముందే అడగండి. సూటిగా చెప్పని డాక్టరు దగ్గర సంతకం పెట్టకండి.