ముక్కుకి కావలసింది నూనా, నీళ్ళా? – సీపాప్ మాస్కు చరిత్ర చెప్పే పాఠం

నేను ఉండేది హాడోలో. ఏడాదిలో సగానికి పైగా వానలే. చెక్క బీరువాలో బట్టలకి బూజు పడుతుంది, ఉప్పు సీసాలో ఉప్పు నీరవుతుంది. అలాంటి ఊళ్ళో నా ముక్కు ఎండిపోయి, లోపల పుండై, ఉదయం చీదితే రక్తపు చారలు కనిపించాయంటే మొదట ఎవరూ నమ్మలేదు.

నాకు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంది. రాత్రి మాస్కు తగిలించుకుని, సీపాప్ యంత్రం ఇచ్చే గాలితో నిద్రపోతాను. ముక్కు మంటకి తట్టుకోలేక ఒకసారి మూడు వారాలు యంత్రం పక్కన పెట్టేశాను. పగలు కునికిపాట్లు మళ్ళీ మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం స్కూటర్ మీద జెట్టీ వైపు దిగుతుండగా కళ్ళు మూతపడ్డాయి. బండి పక్క కాలవ అంచుదాకా వెళ్ళి ఆగింది. ముక్కు మంట చిన్న విషయం కాదని ఆ రోజు తెలిసింది. దానివల్లే యంత్రం మానేసేవాళ్ళు ఉంటారు, మానేస్తే అసలు జబ్బు అలాగే ఉంటుంది.

సర్వీసులో నాతో పనిచేసిన శ్రీకాకుళం మిత్రుడు ఒక సలహా ఇచ్చాడు. "రాత్రి పడుకోబోయే ముందు రెండు చుక్కల నువ్వుల నూనె వేసుకో బావా, మన తాతల నాటి వైద్యం" అన్నాడు. మరొకాయన వాసలీన్ రాయమన్నాడు. ఇంకొకాయన జలనేతి చెయ్యమన్నాడు. ముప్పై ఏళ్ళు లెక్కలు చూసినవాడిని. వోచరు చూడకుండా బిల్లు పాస్ చెయ్యడం నాకు అలవాటు లేదు. అందుకని ఒక్కో సలహా చరిత్రా తిరగేశాను.

ముందు యంత్రం సంగతి. 1980కి ముందు ఈ జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళకి నమ్మకమైన చికిత్స ఒక్కటే: గొంతుకి రంధ్రం చేసి గొట్టం పెట్టడం. ఆస్ట్రేలియాలో సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ కాలిన్ సలివన్ ఇంకో దారి ఆలోచించాడు. నిద్రలో గొంతు కండరాలు వదులై దారి మూసుకుపోతోంది కదా, ముక్కులోంచి కొంచెం ఒత్తిడితో గాలి పంపితే ఆ దారి తెరుచుకునే ఉంటుందని అతని ఊహ. 1980 జూన్‌లో ఒక రోగి మీద ప్రయత్నించాడు. ఐదుగురు రోగుల ఫలితాలు 1981 ఏప్రిల్‌లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. తొలి యంత్రాల్లో వాక్యూం క్లీనర్ మోటారు వాడారు. మాస్కుని ప్రతి రాత్రీ సిలికాన్ జిగురుతో ముక్కుకి అతికించి, తెల్లవారి పీకేవారు. ఆ రోగుల ముక్కుల అవస్థ ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. అయినా వాళ్ళు వాడారు. ఎన్నో ఏళ్ళ తర్వాత నిండుగా నిద్రపోయారు మరి.

ప్రాణాపాయం సంగతి తేలాక ముక్కు సంగతి ముందుకొచ్చింది. మామూలుగా మన ముక్కు రెండు పనులు చేస్తుంది. లోపలికి పోయే గాలిని వెచ్చబరిచి తేమ కలుపుతుంది. బయటికి వచ్చే గాలిలోంచి ఆ తేమలో కొంత తిరిగి రాబట్టుకుంటుంది. మా భాషలో జమా, ఖర్చూ అన్నమాట. నిద్రలో నోరు తెరుచుకుంటే యంత్రం పంపిన గాలి ముక్కులోంచి వెళ్ళి నోట్లోంచి బయటికి పోతుంది. ముక్కుకి ఖర్చే తప్ప జమ ఉండదు. లోపలి పొర ఎండిపోతుంది, వాస్తుంది, ముక్కు బిగుసుకుంటుంది. బిగుసుకునేసరికి నోరు ఇంకా తెరుచుకుంటుంది. 1996లో సిడ్నీ పరిశోధకులే ఈ విషయం కొలిచి చూపించారు. గాలికి వెచ్చటి తేమ కలిపితే ఈ బిగుసుకోవడం చాలావరకు ఆగుతుందని కూడా వాళ్ళే చూపించారు.

హాడోలో నా ముక్కు ఎందుకు ఎండిందో అప్పుడు అర్థమైంది. బయట ఎంత తేమ ఉన్నా నేను పడుకునేది ఎ.సి. గదిలో. ఎ.సి. గొట్టం కింద పెట్టిన బకెట్ తెల్లవారేసరికి నిండుతుంది. ఆ నీళ్ళన్నీ నా గది గాలిలోంచి పోయినవే. దానికి తోడు నోరు తెరిచి పడుకునే అలవాటు.

యంత్రానికి నీటి తొట్టి, దాని కింద వేడిచేసే పళ్ళెం అమర్చడం అలా వచ్చిన పద్ధతి. 1999లో అమెరికాలో ఒక అధ్యయనం చేశారు. వెచ్చటి తేమ ఉన్నప్పుడు రోగులు రాత్రికి సగటున 5.5 గంటలు, లేనప్పుడు 4.9 గంటలు మాస్కు వాడారు. తర్వాతి పరీక్షలు కొన్నింటిలో వాడే గంటల్లో తేడా కనిపించలేదు. ముక్కు బాధ తగ్గుతుందన్న మాట మాత్రం నిలబడింది. హేతువాదులం కనుక రెండూ చెప్పాలి.

ఇక నూనె. మిత్రుడు అన్నట్టు ఇది పాతదే. చరక సంహిత సూత్రస్థానంలో అణుతైలం ముక్కులో వేసుకోమని ఉంది. పాతది కాబట్టి ఒప్పుకోనక్కర్లేదు, పాతది కాబట్టి తోసెయ్యనూ అక్కర్లేదు. 2001లో స్వీడన్ వైద్యులు ఎండిన ముక్కులున్నవారికి నువ్వుల నూనె, ఉప్పునీరు రెండూ ఇచ్చి పోల్చారు. నువ్వుల నూనే మెరుగని తేలింది! ఈ సంగతి చెప్తే మిత్రుడు ఫోన్‌లో కేకేశాడు.

కానీ లెక్కలో రెండో పేజీ కూడా ఉంది. ఆ పరీక్ష కొద్ది వారాలది, యంత్రం గాలి తగిలే ముక్కుల మీద చేసింది కాదు. ముక్కులో నూనె వేస్తే ఊపిరితిత్తుల్లోకి జారవచ్చని 1925లోనే లాఫ్లెన్ అనే వైద్యుడు రాశాడు. నూనె నీళ్ళలాంటిది కాదు. గొంతులోకి జారినా దగ్గు రాదు. అందుకే నిద్రలో తెలియకుండా లోపలికి పోతుంది. ముఖ్యంగా ఖనిజ తైలాన్ని శరీరం అరిగించుకోలేదు. అది అక్కడే పేరుకుని ఒక రకం నిమోనియా తెస్తుంది. దక్షిణ భారత శిశువుల్లో ఇదే జబ్బు గురించి 1973లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. పసిపిల్లలకి తలంటి, ముక్కులో నూనె చుక్కలు వేసే ఇళ్ళు మనకి తెలియనివి కావు. ప్రేమతో చేసేదే, కానీ ప్రేమ ఊపిరితిత్తుల్ని కాపాడదు.

వాసలీన్ కూడా ఆ వంశానిదే. పెన్సిల్వేనియా నూనె బావుల దగ్గర పంపు కడ్డీలకి అంటుకునే జిడ్డుని శుద్ధిచేసి చీస్‌బ్రో అనే రసాయనవేత్త 1872లో పేటెంటు తీసుకున్నాడు. పగిలిన పెదవికి మంచిదే. రోజూ రాత్రి ముక్కు లోపల రాసుకుని గాలి ఒత్తిడి కింద పడుకోవడానికి కాదు. మాస్కు మెత్తని భాగాన్ని కూడా అది పాడుచేస్తుంది. ఆక్సిజన్ కూడా పెట్టుకునేవాళ్ళకైతే నిప్పు ప్రమాదం.

జలనేతి మాటేమిటి? ఉప్పునీటితో ముక్కు కడగడం పనికొచ్చేదే, డాక్టర్లూ చెప్తారు. ప్రమాదం పద్ధతిలో లేదు, నీటిలో ఉంది. 2011లో అమెరికాలోని లూసియానాలో ఇద్దరు కుళాయి నీటితో ముక్కు కడుక్కుని, మెదడుని తినే అమీబా సోకి చనిపోయారు. అదే నీళ్ళు తాగితే ఆ అమీబా ఏమీ చెయ్యదు, ముక్కులోంచి పైకి పోతేనే ప్రాణం తీస్తుంది. 2024లో కేరళలో కూడా పిల్లలు ఇలాంటి అమీబాకి బలయ్యారు. కనుక ముక్కుకి వాడే నీళ్ళు 3 నుంచి 5 నిమిషాలు మరిగించి చల్లార్చినవైనా కావాలి, డిస్టిల్డ్ వాటర్ అయినా కావాలి. మా ఊళ్ళో వేసవిలో రోజు విడిచి రోజు వచ్చే కుళాయి నీళ్ళు డ్రమ్ములో పట్టి వాడుకునేవాళ్ళకి ఈ మాట మరీ ముఖ్యం. గుడి తీర్థమైనా, హిమాలయ జలమైనా అమీబాకి తేడా తెలియదు.

ముక్కు బిగుసుకుంటే మందుల షాపులో దొరికే జైలోమెటాజోలిన్ చుక్కలు వెంటనే తెరుస్తాయి. కానీ కొన్ని రోజులకి మించి వాడితే మందు మానిన ప్రతిసారీ ముక్కు ఇంకా గట్టిగా మూసుకుంటుంది. అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేసినట్టు.

పాతవాటినే అన్నానని అనుకోకండి, కొత్తవాటికీ అదే కొలత. మాస్కుని ఓజోన్‌తో శుభ్రం చేస్తామని ఖరీదైన పెట్టెలు అమ్మారు. మిగిలిపోయిన ఓజోన్ ముక్కునీ ఊపిరితిత్తుల్నీ మండిస్తుందని 2020 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్.డి.ఎ. హెచ్చరించింది. మెత్తటి సబ్బు, నీళ్ళు చాలు.

ఇంతకీ నేను చేసిందేమిటంటే:

తేమ తొట్టి పెట్టించాను. అందులో డిస్టిల్డ్ వాటరే పోస్తాను, ఉదయం మిగిలినవి పారబోసి తొట్టి కడిగి ఆరబెడతాను. బ్యాటరీ షాపు నీళ్ళు పొయ్యను, అవి మనుషుల కోసం తయారుచేసినవి కావు. ఎ.సి. చలికి గొట్టంలో నీరు చేరుతుంటే గొట్టానికి గుడ్డ తొడుగు వేసి, యంత్రాన్ని మంచం కన్నా కిందకి దించాను. పడుకునే ముందు ఉప్పునీటి స్ప్రే రెండు ముక్కుల్లో. ముక్కు అంచు పగిలితే నీటితో చేసిన సెలైన్ జెల్ పల్చగా, అంచుకి మాత్రమే. మాస్కు పట్టీలు కాస్త వదులు చేశాను, బిగిస్తే పుండే తప్ప లాభం లేదు. నోరు తెరుచుకోవడానికి డాక్టర్‌ని అడిగితే నోరూ ముక్కూ కప్పే మాస్కు ఇచ్చారు. నోటికి ప్లాస్టర్ వేసుకోమన్న సలహా మాత్రం పాటించలేదు. ముక్కు బిగుసుకున్నా, వాంతి వచ్చినా ఆ ప్లాస్టరే ముప్పు.

పది రోజుల్లో మంట తగ్గింది. రక్తం ఆగకుండా వస్తున్నా, పుండు రెండు వారాలకి మానకపోయినా చెవి-ముక్కు-గొంతు డాక్టర్‌కి చూపించాలి. యంత్రం ఒత్తిడి మనంతట మనం మార్చకూడదు.

మిత్రుడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "మా తాత తొంభై ఏళ్ళు నూనె వేసుకున్నాడు, ఏమీ కాలేదు" అంటాడు. ఒక్క తాత ఒక్క వోచరే బావా, దానితో ఖాతా మూసెయ్యలేం అన్నాను. కానీ తన మనవడికి తలంటేటప్పుడు ముక్కులో నూనె వెయ్యడం మాన్పించాడట. నాకు అది చాలు.