కళావిద్యలో క్వియర్ బోధన, జాతి అస్తిత్వం

కళాకృతిని చూసే చూపులో ‘సహజం’గా చెలామణీ అయ్యే లైంగిక, లింగ భావనలను విద్యార్థుల చేత ప్రశ్నింపజేసే బోధనా విధానమే కళావిద్యలో క్వియర్ బోధన. లైంగికత, లింగం విషయంలో ప్రామాణిక చట్రంలో ఇమడనివారిని ‘క్వియర్’ అంటారు. స్వలింగ ప్రేమికులైన కళాకారులకు పాఠ్యప్రణాళికలో చోటివ్వడం ఇందులో ఒక భాగం. ఎవరు చూస్తున్నారు, ఎవరిని చూస్తున్నారు, ఎవరి చూపు ప్రమాణమవుతోంది అన్నవి దీని మూల ప్రశ్నలు. ఉత్తర అమెరికా కళాశాలల్లో ఇవి జాతి అస్తిత్వం నుంచి విడదీయరానివి.

నేపథ్యం

కెనడాలో మేరీ బ్రైసన్, సుజాన్ డి కాస్టెల్ 1993లో రాసిన వ్యాసం ఈ రంగంలోని తొలి రచనల్లో ఒకటి. తరగతి ఏది నేర్పుతోందో చూస్తే చాలదని, ఏది తెలుసుకోవడానికి నిరాకరిస్తోందో కూడా పరిశీలించాలని 1995లో డెబొరా బ్రిట్జ్‌మన్ వాదించారు.

జాతి ప్రశ్న

ఈ బోధనకు ఆధారమైన క్వియర్ సిద్ధాంతం తెల్లజాతి అనుభవాన్నే అందరి అనుభవంగా తీసుకుందన్న విమర్శ కొద్దికాలంలోనే వచ్చింది. జాతినీ వర్గాన్నీ పక్కనపెట్టి లైంగికత ఒక్కటే పట్టుకున్న రాజకీయాలను 1997లో కేథీ కోహెన్ తప్పుపట్టారు. శ్వేతేతర క్వియర్ కళాకారులు ఆధిపత్య సంస్కృతికి లొంగిపోకుండా, దాన్ని పూర్తిగా తోసిపుచ్చకుండా తమకు అనువుగా మలచుకునే తీరును హొసే ఎస్తెబాన్ మున్యోస్ ‘డిసైడెంటిఫికేషన్స్’ (1999)లో వివరించారు.

ఒక ఉదాహరణ

తెల్లజాతి స్వలింగ ప్రేమికుడైన ఫోటోగ్రాఫర్ రాబర్ట్ మేపుల్‌థార్ప్ 1986లో నల్లజాతి పురుషుల నగ్న ఛాయాచిత్రాలతో ‘బ్లాక్ బుక్’ వెలువరించారు. నల్లజాతి స్వలింగ ప్రేమికుడైన కళాకారుడు గ్లెన్ లిగన్ ఆ పుస్తకంలోని పుటలను 91 ఫ్రేములుగా గోడకు రెండు వరుసల్లో అమర్చి, నడుమ 78 వ్యాఖ్యలను ఉంచారు. వాటిలో మేధావుల మాటలూ ఉన్నాయి, రాజకీయ నాయకుల మాటలూ ఉన్నాయి, బార్‌కు వచ్చేవారి మాటలూ ఉన్నాయి. 1991–93 నాటి ఈ కృతి పేరు ‘నోట్స్ ఆన్ ద మార్జిన్ ఆఫ్ ద బ్లాక్ బుక్’. ఆ చిత్రాల్లో ఉన్నది ఆరాధనా, నల్లదేహాన్ని వస్తువుగా మార్చడమా? లిగన్ తీర్పు చెప్పరు. లైంగికతనూ జాతినీ ఒకేసారి చదవాల్సిన పని చూసేవారిమీద పడుతుంది. తరగతి చర్చకు ఈ కృతి అందుకే అంతగా పనికొస్తుంది.

బోధనలో సమస్యలు

కళాశాల స్టూడియోలో విద్యార్థి పనిని అందరి ముందు పెట్టి చర్చించే ‘క్రిటిక్’ ఈ బోధనకు అసలు పరీక్ష. తెల్లజాతి విద్యార్థి చిత్రంలో రంగూ రూపమూ చర్చకు వస్తే, నల్లజాతి విద్యార్థి చిత్రంలో జీవితచరిత్రనే వెతుకుతారన్న ఫిర్యాదు ఉంది. తన జాతి మొత్తానికో, క్వియర్ సమాజం మొత్తానికో ప్రతినిధిగా మాట్లాడమని విద్యార్థిని అడగడం అన్యాయం. తన లైంగికతను వెల్లడించాలా వద్దా అన్నది నిర్ణయించుకోవడం ఆ విద్యార్థి హక్కు. అధ్యాపకులు ప్రశ్నను ఆ విద్యార్థి బతుకుమీద కాకుండా, తరగతి మొత్తం చూస్తున్న చూపుమీద పెట్టాలి.