పేరు చెప్పడం నేర్చుకున్న ప్రాసెసర్

1980ల్లో పీసీలకు ప్రోగ్రాములు రాసేవారికి ఒక చిక్కు ఉండేది. తమ ప్రోగ్రాము నడుస్తున్నది ఇంటెల్ ప్రాసెసర్లలో 8086 మీదా, 286 మీదా, 386 మీదా? అడిగి తెలుసుకుందామంటే అందుకు ఆదేశమే లేదు. దాంతో నడతను బట్టి చిప్‌ను పోల్చుకునేవారు.

చిప్ స్థితిని చూపే ఫ్లాగ్స్ రిజిస్టరులోని పై నాలుగు బిట్లను సున్నా చేయబోతే 8086 ఒప్పుకోదు, ఒకట్లుగానే చూపిస్తుంది. రియల్ మోడ్‌లో ఉన్న 286 అందుకు విరుద్ధం, ఎప్పుడూ సున్నాలే. ఈ రెండూ కాకపోతే, విస్తరించిన ఫ్లాగ్స్ రిజిస్టరులో 18వ బిట్టు మారితే 486, మారకపోతే 386. 8086కీ 8088కీ తేడా పట్టడం మరీ కష్టం, ఎందుకంటే రెండింటి ఆదేశాలూ ఒకటే. అయితే మొదటిది ఆరు బైట్లు ముందుగా తెచ్చిపెట్టుకుంటుంది, రెండోది నాలుగే. అందుకని ప్రోగ్రాము తనకు కాస్త ముందున్న బైటును తానే మార్చేసి, పాతది నడిచిందా కొత్తది నడిచిందా అని చూసేది. తర్వాత వచ్చిన సిరిక్స్ కంపెనీ చిప్‌లను పట్టడానికైతే 5ను 2తో భాగించేవారు. ఆ లెక్క తర్వాత ఫ్లాగులు చెక్కుచెదరకపోతే అది సిరిక్స్!

1993లో పెంటియంతో ఇంటెల్ సీపీయూఐడీ ఆదేశాన్ని తెచ్చింది. తర్వాత వచ్చిన కొన్ని 486లకూ అది దక్కింది. అడిగితే చాలు, తయారీదారు పేరు పన్నెండు ఇంగ్లిష్ అక్షరాల్లో వస్తుంది: ‘జెన్యూన్ ఇంటెల్’, ‘ఆథెంటిక్ ఏఎండీ’, ‘సిరిక్స్ ఇన్‌స్టెడ్’. ఏయే సౌకర్యాలున్నాయో బిట్ల రూపంలో తెలుస్తుంది.

పేరు తెలిశాక, దాన్ని బట్టి పక్షపాతమూ వచ్చింది. ప్రోగ్రాములను చిప్ భాషలోకి మార్చే తమ కంపైలర్ ఇతర కంపెనీల చిప్‌లకు అదే స్థాయి మెరుగులు దిద్దకపోవచ్చని కొనుగోలుదారులకు ఇంటెల్ చెప్పి తీరాలని 2010లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో ఒప్పందం కుదిరింది.

వర్చువల్ మిషన్లలో కథ మళ్లీ తిరిగింది. ఇంటెల్ వర్చువలైజేషన్ సౌకర్యమైన వీటీ-ఎక్స్‌లో, వర్చువల్ మిషన్ లోపల నడిచే అతిథి సిస్టమ్ సీపీయూఐడీ వేయగానే పగ్గాలు ఆ మిషన్లను నడిపే హైపర్‌వైజర్ చేతికి వెళ్తాయి. జవాబు అది చెప్పిందే. వర్చువల్ మిషన్‌ను పాత సర్వర్లకూ తరలించడానికి వీలుగా కొత్త చిప్‌లోని సౌకర్యాలను అది దాచిపెట్టగలదు. ‘ఇది వర్చువల్’ అని తెలిపే బిట్టు ఒకటుంది గాని, దాన్ని పెట్టడమూ మానడమూ హైపర్‌వైజర్ ఇష్టమే. ఇక ఆర్మ్ రకం చిప్‌లలోనైతే గుర్తింపు రిజిస్టరును మామూలు ప్రోగ్రాము నేరుగా చదవలేదు. 64 బిట్ల లినక్స్‌లో ఆ ప్రయత్నాన్ని కెర్నెల్ పట్టుకుని తానే జవాబిస్తుంది.

అందుకే ప్రోగ్రామర్లు పాటించాల్సిన సూత్రం ఒకటే: చిప్ పేరు చూసి ఊహించుకోవద్దు, కావాల్సిన సౌకర్యం ఉందో లేదో ఆ బిట్టునే అడగండి.