మ్యాచ్‌కి ఎంత?

నందికొండలో బయల్దేరి నాగార్జునసాగర్ దాటి కుడి ఒడ్డుకు పోతే అనుపులో ఇక్ష్వాకుల నాటి క్రీడాప్రాంగణం ఉంది. మధ్యన దీర్ఘచతురస్రపు ఆటస్థలం, నాలుగు వైపులా కూర్చునే మెట్లు. 1954-60 తవ్వకాల్లో బయటపడ్డ దాన్ని, జలాశయం లోయను ముంచకముందే తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. పదిహేడు వందల ఏళ్ల కిందట ఆ మెట్ల మీద కూర్చున్నవాళ్లు కూడా ఎవడు గొప్పవాడని వాదించుకునే ఉంటారు. అంకెలు చూపి వాదించడం మాత్రం చాలా ఆలస్యంగా మొదలైంది. దెబ్బ తగిలి ఇంట్లో కూర్చున్నవాడికి న్యాయం చేసే లెక్కయితే నిన్నమొన్నటిది.

2023లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో సీడీ ల్యాంబ్ 17 మ్యాచ్‌లూ ఆడి, బంతులు అందుకుని 1749 గజాలు సంపాదించాడు. జస్టిన్ జెఫర్సన్ తొడ కండరం పట్టేసి పదే ఆడాడు, 1074 గజాలు. మొత్తం చూస్తే ల్యాంబ్ ఎక్కడో ఉన్నాడు. మ్యాచ్‌కి ఎంతని చూస్తే జెఫర్సన్‌ది 107.4, ల్యాంబ్‌ది 102.9. ప్రాజెక్టు పనుల మస్టరు తెలిసిన నందికొండలో ఇది విప్పి చెప్పక్కర్లేదు: జ్వరమొచ్చి పది రోజులే పనికొచ్చినవాడి నెల కూలి తగ్గుతుంది, రోజు కూలి తగ్గదు.

ఈ భాగహారం క్రికెట్‌లో పుట్టింది. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో చాలాకాలం సగటును దశాంశాల్లో రాసేవారు కాదు. భాగఫలం ఇంత, పైన మిగిలింది ఇంత అని రెండంకెలు వేసేవారు. మొదట్లో ఇన్నింగ్స్‌లన్నిటితో భాగించి, తర్వాత ఔటైన సార్లతోనే భాగించడం మొదలుపెట్టారు. ఇంగ్లండ్‌లో పుట్టి చిన్ననాడే అమెరికా చేరిన హెన్రీ చాడ్విక్ అనే విలేఖరి ఈ అలవాటును బేస్‌బాల్‌కు పట్టుకెళ్లాడు. పత్రికలో స్కోరు పట్టిక వేయించినవాడూ, బ్యాటింగ్ సగటును జనానికి అలవాటు చేసినవాడూ ఆయనే.

సగటుకు ఒక రోగం ఉంది. ఒక్క మ్యాచ్ ఆడి మెరిసి పోయినవాడు పట్టికలో పైకెక్కి కూర్చుంటాడు. అందుకని కనీసం ఇంత ఆడితేనే లెక్కలోకి తీసుకుంటామని గీత గీశారు. ఆ గీత మంచి ఆటగాడి మెడకే చుట్టుకుంది. 1954 మార్చిలో, సాధన శిబిరం మొదటిరోజే బేస్‌బాల్ ఆటగాడు టెడ్ విలియమ్స్ జత్రువు విరిగింది. కోలుకుని వచ్చి .345 సగటు కొట్టాడు. అయినా బ్యాటింగ్ కిరీటం .341 కొట్టిన బాబీ అవిలాకు పోయింది, ఎందుకంటే నిబంధన ప్రకారం 400 అధికారిక బ్యాటింగ్ అవకాశాలు ఉండాలి, విలియమ్స్‌కు 386 ఉన్నాయి. తమాషా ఏమిటంటే, బౌలర్లు అతనికి జడిసి కొట్టే బంతి వేయకుండా 136 సార్లు ఊరికే మొదటి బేస్‌కు నడిపించేశారు, ఆ నడకలేవీ ఈ లెక్కలోకి రావు. భయపెట్టినందుకే శిక్ష పడిందన్నమాట. 1957 నుంచి నడకలు కూడా కలిపి లెక్కపెట్టడం మొదలైంది.

నాకు ఇంకా నచ్చే ఘట్టం 1996లోది. గాయాలతో కొన్ని మ్యాచ్‌లు పోగొట్టుకున్న టోనీ గ్విన్‌కు 502 అవకాశాలు కావాల్సి ఉండగా 498 దక్కాయి. నాలుగు తక్కువ. అప్పటికి నిబంధన మెత్తబడింది: ఆ నాలుగూ ఇచ్చి, నాలుగింటిలోనూ విఫలమయ్యాడనే అనుకుందాం, అప్పుడూ ముందుంటే కిరీటం అతనిదే. .353 కాస్తా .349 అయింది, పోటీలో ఉన్న ఎల్లిస్ బర్క్స్‌ది .344. గ్విన్ గెలిచాడు. గాయపడ్డవాడి మీద జాలి చూపకుండా, అన్యాయమూ చేయకుండా ఇంత పొందికైన లెక్క మరో ఆటలో నేను చూడలేదు.

ఎన్ఎఫ్ఎల్ 1932 నుంచి అధికారిక గణాంకాలు ఉంచుతోంది కానీ, అక్కడి చిక్కు గాయాలొక్కటే కాదు, సీజనే పొడుగవుతూ వచ్చింది. ఒకప్పుడు 12 మ్యాచ్‌లు, తర్వాత 14, 1978 నుంచి 16, 2021 నుంచి 17. కాల్విన్ జాన్సన్ 2012లో 16 మ్యాచ్‌ల్లో 1964 గజాలు చేశాడు, మ్యాచ్‌కి 122.8. 1951లో ఎల్‌రాయ్ హిర్ష్ 12 మ్యాచ్‌ల్లోనే 1495 చేశాడు, 124.6. ఇద్దరికంటే పైన వెస్ చాండ్లర్. 1982లో ఆటగాళ్ల సమ్మెతో సీజన్ తొమ్మిది మ్యాచ్‌లకు కుదించుకుపోతే అతను ఎనిమిది ఆడి 1032 గజాలు తెచ్చాడు, మ్యాచ్‌కి 129. పదహారూ ఆడి ఉంటే ఇదే ఊపు నిలిచేదా? పెద్ద సగటు వెనుక చిన్న భాజకం ఉంటే నేను కొంచెం అనుమానంగానే చూస్తాను.

మన చెడుగుడుకొద్దాం. ప్రో కబడ్డీలో 2017 సీజన్‌లో పర్దీప్ నర్వాల్ 26 మ్యాచ్‌ల్లో 369 రైడ్ పాయింట్లు తెచ్చాడు. 2019లో పవన్ సెహ్రావత్ 24 మ్యాచ్‌ల్లో 346. మొత్తంలో పర్దీప్‌ది పైచేయి, మ్యాచ్‌కి చూస్తే 14.2 మీద 14.4తో పవన్‌ది. అయితే కబడ్డీలో మ్యాచ్ కూడా సరైన కొలత కాదు. పాత ‘అమర్’ పద్ధతిలో ఔటైనవాడు కోర్టు వదిలేవాడు కాదు, ఎదుటి జట్టుకు పాయింటు పడేది, అంతే. ఇప్పుడు నడిచేది ‘సంజీవని’. ఔటైనవాడు గీత బయట కూర్చుని, తనవాళ్లు బతికించేదాకా ఎదురుచూడాలి. నలభై నిమిషాల మ్యాచ్‌లో పావుగంట బయటే గడిపినా కాగితం మీద అది పూర్తి మ్యాచే. కాబట్టి రైడర్ల మధ్య పోలిక పెట్టాలంటే రైడ్‌కి ఎంతని అడగడమే మేలు.

ఈ లెక్కలన్నీ చేతులెత్తేసే సందర్భం తెలుగు టైటాన్స్ అభిమానులకు బాగా తెలుసు. 2022లో తమిళ్ తలైవాస్ పవన్‌ను 2.26 కోట్లకు కొంటే, తొలి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తం పోయింది. ఒక్క మ్యాచ్‌కు మొత్తమైనా సగటైనా ఒకటే, రెండూ ఏమీ చెప్పవు. మరుసటి ఏడాది వేలంలో టైటాన్స్ అదే పవన్‌ను 2.605 కోట్లకు పాడుకుంది. ధర తగ్గలేదు సరికదా, పెరిగింది. పాట పాడినవాళ్లు 2022 పట్టికను పక్కనపెట్టి 2019 నాటి 346నూ, కుదుటపడ్డ మోకాలినీ చూసి ఉంటారు. పవన్‌ను కొన్న ఆ సీజన్‌లో టైటాన్స్ 22 మ్యాచ్‌లకు రెండే గెలిచింది.