వరిబీజమా, హెర్నియానా? – ఒక చరిత్రకారుని ముప్పై రెండేళ్ళ మౌనం

గజ్జలోనో, వృషణాల సంచిలోనో ఉబ్బు కనిపిస్తే మన ఊళ్ళలో చాలామంది దానికి ఒకే పేరు పెడతారు: వరిబీజం. వైద్యుడు మాత్రం ఆ ఉబ్బును చూడగానే తనకు తాను ఒక ప్రశ్న వేసుకుంటాడు. లోపల ఉన్నది నీరా, పేగా? నీరైతే అది హైడ్రోసీల్. వరిబీజం అనవలసింది దీనినే. పేగు గాని, పేగులను కప్పి ఉండే కొవ్వు పొర గాని కిందికి జారితే అది హెర్నియా. పైకి కవల పిల్లల వలె కనిపించే ఈ రెండింటి స్వభావాలు వేరు, ప్రమాదాలు వేరు, చికిత్సలు వేరు. ఈ తేడాను గుర్తించడానికి మానవుడు రెండు వేల ఏళ్ళకు పైగా శ్రమించాడు. ఆ తేడాను సకాలంలో తెలుసుకోనందుకు ఒక మహా మేధావి ప్రాణమే పోగొట్టుకున్నాడు.

పేర్లలోనే కొంత కథ ఉంది. హైడ్రోసీల్ గ్రీకు నుండి వచ్చిన మాట; 'నీరు', 'వాపు' అనే అర్థాలు గల రెండు పదాల కలయిక. హెర్నియా లాటిన్ మాట. పూర్వపు ఆంగ్ల వైద్యులు దీనిని 'చిరుగు' అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవారు. నిజానికి ఎక్కడా ఏదీ చిరగదు. పొట్ట గోడలో బలహీనంగా ఉన్న చోటు నుండి లోపలి అవయవం బయటికి తోసుకువస్తుంది, అంతే.

సుశ్రుతుని తోలుతిత్తి

మన ప్రాచీనులు ఈ తేడాను ఎరుగనివారు కారు. సుశ్రుత సంహిత నిదానస్థానంలో 'వృద్ధి' అనే రోగాన్ని ఏడు విధాలుగా విభజించారు. వాటిలో మూత్రవృద్ధి నేటి హైడ్రోసీల్‌కు, ఆంత్రవృద్ధి నేటి హెర్నియాకు సరిపోతాయి. మూత్రవృద్ధి ఉన్నవాడు నడుస్తుంటే ఆ వాపు నీరు నిండిన తోలుతిత్తి వలె కదులుతుందని సుశ్రుతుడు పోలిక చెప్పాడు. ఆంత్రవృద్ధి బరువులు మోయడం వల్ల, తనకన్నా బలవంతునితో తలపడడం వల్ల, చెట్టు మీది నుండి పడడం వల్ల కలుగుతుందన్నాడు. దానిని నొక్కితే శబ్దం చేస్తూ పైకి పోతుందనీ, వదిలితే మళ్ళీ ఉబ్బుతుందనీ వివరించాడు. నేటికీ వైద్య విద్యార్థి రోగి మంచం పక్కన నేర్చుకునే పరీక్షలలో ఇది ఒకటి.

చికిత్సలోనూ ఆయన రెండింటినీ వేరు చేశాడు. మూత్రవృద్ధిని వ్రీహిముఖమనే శస్త్రంతో కింది భాగాన గుచ్చి, గొట్టం అమర్చి నీటిని తీసివేయమన్నాడు. పేగు సంచిలోకి పూర్తిగా దిగని ఆంత్రవృద్ధికి గజ్జలో కాల్చి చికిత్స చేయమన్నాడు. పూర్తిగా దిగినదాన్ని ముట్టుకోవద్దన్నాడు. అది చేతకానితనం కాదు, వివేకం. నీరనుకొని శస్త్రంతో గుచ్చితే, లోపల ఉన్నది పేగైతే, రోగి బతకడు. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత సెల్సస్ కూడా తన వైద్య గ్రంథంలోని ఏడవ భాగంలో ఈ రెండు వాపులను వేరువేరు పేర్లతో వర్ణించాడు.

ఒకే దారి, ఇద్దరు బాటసారులు

ఇంతకూ ఈ రెండు వ్యాధులు ఒకే చోట ఎందుకు వస్తాయి? సమాధానం తల్లి గర్భంలో ఉంది. మగశిశువులో వృషణాలు మొదట కడుపు లోపల, మూత్రపిండాల సమీపంలో ఏర్పడతాయి. ఏడవ నెల ప్రాంతంలో అవి గజ్జలోని సన్నని దారి గుండా సంచిలోకి దిగుతాయి. దిగుతూ దిగుతూ కడుపు లోపలి పొరను కొంత గొట్టం వలె వెంట తెచ్చుకుంటాయి. ఈ ప్రయాణాన్ని స్పష్టంగా వర్ణించినవారిలో లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ ముఖ్యుడు. ఆయన పరిశీలనలు 1762లో వెలువడ్డాయి.

ఆ గొట్టం తర్వాత మూసుకుపోవాలి. మూసుకోక వెడల్పుగా మిగిలితే పేగు జారుతుంది. సన్నగా మిగిలితే నీరు మాత్రమే దిగుతుంది. పెద్దవారిలో కారణాలు మారుతాయి. గజ్జ కండరాల పట్టు సడలితే హెర్నియా వస్తుంది. వృషణం చుట్టూ ఉండే పొరలో నీరు ఊరితే హైడ్రోసీల్ వస్తుంది.

గిబ్బన్ దాచిన రహస్యం

జాన్ హంటర్ పరిశీలనలు వెలువడడానికి ఏడాది ముందు, 1761లో, ఇరవై నాలుగేళ్ళ యువకుడొకడు లండన్‌లో పేరుపొందిన శస్త్రవైద్యుడు సీజర్ హాకిన్స్‌ను కలిశాడు. గజ్జ కింద చిన్న వాపు. అది హెర్నియానో, హైడ్రోసీలో హాకిన్స్ ఆ రోజు తేల్చలేకపోయాడు. మళ్ళీ ఊరికి వచ్చినప్పుడు కనిపించమన్నాడు. నొప్పి లేదు, ఇబ్బంది లేదు. యువకుడు మళ్ళీ వెళ్ళలేదు.

ఆ యువకుడు ఎడ్వర్డ్ గిబ్బన్. రోమన్ సామ్రాజ్య క్షీణ పతనాలను ఆరు సంపుటాలలో రచించి, 1776 నుండి 1788 వరకు ప్రకటించి, ప్రపంచ ప్రసిద్ధి పొందిన చరిత్రకారుడు. ఒక మహాసామ్రాజ్యం లోలోపల ఎలా శిథిలమైందో పుట పుటా పరిశోధించిన ఆ మనిషి, తన శరీరంలో పెరుగుతున్న వాపును గురించి ముప్పై రెండేళ్ళ పాటు ఎవరికీ చెప్పలేదు. దుస్తుల మీది నుండే కనిపించేంతగా అది పెరిగింది. మిత్రులు చూశారు, మర్యాదకు వెరచి అడగలేదు. ఆయనా చెప్పలేదు.

1793 నవంబరులో భరించలేని స్థితి వచ్చి, తన ఆప్తమిత్రుడు షెఫీల్డ్ ప్రభువుకు లేఖలో విషయం తెలిపాడు. హెన్రీ క్లైన్ అనే శస్త్రవైద్యుడు పరీక్షించి, హైడ్రోసీల్ అని నిర్ణయించి, నవంబరు 14న గుచ్చి నీరు తీశాడు. నాలుగు క్వార్టులు, అంటే మూడున్నర లీటర్లకు పైగా నీరు వచ్చింది. అయినా వాపు సగమే తగ్గింది. మిగిలిన సగం నీరు కాదు, పెద్ద హెర్నియా. హాకిన్స్ సందేహానికి జవాబు అప్పటికి దొరికింది: అది ఆ రెండింటిలో ఒకటి కాదు, రెండూ.

పది రోజులకు మళ్ళీ మూడు క్వార్టులు తీశారు. 1794 జనవరి 13న మూడవసారి ఆరు క్వార్టులు, అంటే సుమారు ఐదున్నర లీటర్లు తీశారు. అప్పటికే జ్వరం, మంట, చర్మం మీద పుండు ఉన్నాయి. జనవరి 16న గిబ్బన్ కన్నుమూశాడు. వయస్సు 56 ఏళ్ళు. సూక్ష్మజీవుల సంగతి ఎవరికీ తెలియని కాలమది. క్రిమిసంహారక పద్ధతితో శస్త్రచికిత్సలు చేయవచ్చని లిస్టర్ ప్రకటించే 1867 వరకు ఇంకా డెబ్బై మూడేళ్ళుంది. పదే పదే గుచ్చిన చోటు నుండి సోకిన చీమే ఆయనను బలిగొన్నదని ఒక వైద్యునిగా నా అభిప్రాయం.

బాధాకరమైన విషయం మరొకటి ఉంది. అదే లండన్‌లో పర్సివాల్ పాట్ 1756లో హెర్నియా మీద, 1762లో హైడ్రోసీల్ మీద విడివిడిగా గ్రంథాలు ప్రచురించాడు. జ్ఞానం పక్క వీధిలోనే ఉంది. అడగడానికి నోరు రాలేదు.

చికిత్స మారిన తీరు

తర్వాతి శతాబ్దంలో రెండు వ్యాధుల చికిత్సలూ పూర్తిగా వేరైపోయాయి. 1830లలో కలకత్తాలో జేమ్స్ రెనాల్డ్ మార్టిన్ హైడ్రోసీల్ నీటిని తీసి, ఆ ఖాళీలోకి అయోడిన్ ద్రావణాన్ని ఎక్కించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. అనంతరం నీరు ఊరే పొరను కత్తిరించడం, తిరగవేసి కుట్టడం వచ్చాయి. హెర్నియాకు ఇటలీలోని పాదువాలో ఎడ్వర్డో బస్సీని 1880లలో గజ్జ గోడను పొరలు పొరలుగా కుట్టి పటిష్ఠం చేసే మార్గం చూపాడు. నేడు ఆ చోట సన్నని వలను అమర్చడం సాధారణమైంది.

హైడ్రోసీల్ చరిత్రలో మన నేలకు సంబంధించిన అధ్యాయం కూడా ఉంది. 1863లో పారిస్‌లో దెమార్కే అనే వైద్యుడు ఇటువంటి వాపు నుండి తీసిన ద్రవంలో సూక్ష్మమైన పురుగు పిల్లలను చూశాడు. 1872లో కలకత్తాలో టిమోతీ లూయిస్ వాటిని మనిషి రక్తంలో గుర్తించాడు. 1877లో చైనాలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ అవి దోమలో పెరుగుతాయని కనుగొన్నాడు. అదే ఫైలేరియా. మన కోస్తా ప్రాంతాలలో తరతరాలుగా బోదకాలును, వరిబీజాన్ని కలిగించినది ఈ పురుగే. ఇంటింటికీ పంచే ఫైలేరియా మాత్రలను మింగకుండా పారవేసేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

పాఠకులకు నా మనవి

వైద్యుడు కొన్ని సులభమైన పరీక్షలతో తేడా తెలుసుకుంటాడు. దగ్గినప్పుడు వాపు ఉబికితే, పడుకుంటే తగ్గితే, వేళ్ళతో దాని పై అంచు అందకపోతే హెర్నియా కావచ్చు. పై అంచు వేళ్ళకు అందితే, చీకటిలో టార్చిలైటు ఆనిస్తే ఎర్రగా వెలుగు పారితే నీరు కావచ్చు. పసిపిల్లలలో పేగు గుండా కూడా వెలుగు పారవచ్చు. కనుక ఇంట్లో చేసుకున్న టార్చి పరీక్షను నమ్మి నిశ్చింతగా ఉండకండి. సందేహం ఉంటే అల్ట్రాసౌండ్ తేలుస్తుంది. వృషణంలో గడ్డ ఉండి దాని చుట్టూ నీరు చేరిందేమో కూడా అదే చెబుతుంది.

శిశువులలో హైడ్రోసీల్ చాలావరకు ఏడాది, రెండేళ్ళలో దానంతటదే తగ్గుతుంది. శిశువులలో హెర్నియా తగ్గదు. ఆపరేషన్ ఆలస్యం చేయరాదు. హెర్నియా గట్టిపడి, లోపలికి పోకుండా, నొప్పి, వాంతులు మొదలైతే పేగుకు రక్తం అందడం లేదని అర్థం. అప్పుడు తెల్లవారే దాకా ఆగకూడదు, గంటలే లెక్క.

నా ఉద్యోగ జీవితంలో, అర్ధరాత్రి వేళ పేగు నల్లబడిపోయిన స్థితిలో వచ్చిన వృద్ధులను చూశాను. వెంట వచ్చిన కుమారులు చెప్పే మాట ఒక్కటే: "అది వరిబీజమే కదా అనుకున్నామండీ. నాన్నగారు ఎప్పుడూ చెప్పలేదు." అప్పుడు నాకు గిబ్బన్ గుర్తుకు వచ్చేవాడు. ఆయనకు నేటి శస్త్రచికిత్స అందుబాటులో లేదు. మనకు ఉంది. సిగ్గు ఒక్కటే నాటికీ నేటికీ మారలేదు. మీ ఇంట్లో పెద్దవారు ఎవరైనా కూర్చోవడానికి, నడవడానికి ఇబ్బంది పడుతున్నట్టు కనిపిస్తే, మర్యాద అనుకొని ఊరుకోకండి. పక్కన కూర్చొని, నెమ్మదిగా అడగండి.