బాలింత దిగులు పడితే పాలు ఇంకిపోతాయా?

కాన్పు అయి నాలుగో రోజు. బిడ్డ ఒకటే ఏడుపు. రొమ్ముకు పట్టిస్తే రెండు గుక్కలు లాగి మళ్లీ ఏడుస్తున్నాడు. గదిలో ఆరుగురు ఉన్నారు. "పాలు పడలేదేమో" అని ఒకరు, "మా రోజుల్లో ఇలా లేదమ్మా" అని ఇంకొకరు, "డబ్బా తెప్పించండి" అని మరొకరు. మంచం మీద ఉన్న అమ్మాయి మాత్రం దుపట్టాతో కళ్లు తుడుచుకుంటోంది. మా ఆపా మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చినప్పుడు మా ఇంట్లో జరిగింది ఇదే. చాలా ఇళ్లలో జరిగేదీ ఇదే.

"దిగులు పడితే పాలు ఇంకిపోతాయి", "కోపంలో పాలిస్తే బిడ్డకి విషం" అని మన పెద్దలు అంటుంటారు. ఇందులో నిజమెంత, భయమెంత? ముందే ఒక మాట చెప్పుకుందాం. దిగులు పాలను ఎండబెట్టదు, ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యం చూసి ఇంట్లోవాళ్లు కంగారులో చేసే పనులే చాలాసార్లు పాలను నిజంగా తగ్గిస్తాయి.

పాలు తయారవడం వేరు, బయటికి రావడం వేరు

తల్లి శరీరంలో పాల పని రెండు హార్మోన్ల మీద నడుస్తుంది. ప్రొలాక్టిన్ పాలు తయారు చేయిస్తుంది. బిడ్డ ఎంత ఎక్కువగా చీకితే అది అంత పనిచేస్తుంది, రాత్రిపూట ఇంకా ఎక్కువగా ఉంటుంది. రెండోది ఆక్సిటోసిన్. తయారైన పాలను చిన్న చిన్న పాల గదుల నుంచి పిండి చనుమొన వైపు పంపేది ఇది. గోదాంలో సరుకు నింపేది ఒకరు, గేటు తీసి బయటికి పంపేది ఇంకొకరు అనుకోండి.

ఈ గేటు తెరుచుకోవడానికి తెలుగులో మంచి మాటే ఉంది, చేపు. దూడను చూడగానే గేదె చేపుతుంది. కొత్త మనిషి వచ్చి కూర్చున్నా, కుక్క మొరిగినా పాలు బిగబట్టేస్తుంది. పాడి ఉన్న ఇంట్లో ఈ సంగతి తెలియనివాళ్లు ఉండరు. మనిషి శరీరం కూడా అలాంటిదే. బిడ్డ వాసన, ఏడుపు, స్పర్శ చేపు తెస్తాయి. భయం, నొప్పి, సిగ్గు, అవమానం కలిగినప్పుడు శరీరంలో అడ్రినలిన్ పెరిగి ఆక్సిటోసిన్‌ను కాసేపు ఆపేస్తాయి.

1948లో అమెరికాలో మైఖేల్ న్యూటన్, నైల్స్ న్యూటన్ అనే దంపతులు దీన్ని కొలిచి చూశారు. ప్రశాంతంగా పాలిచ్చిన రోజుల్లో బిడ్డ సగటున 168 గ్రాముల పాలు తాగింది. తల్లి కాళ్లు ఐసు నీళ్లలో పెట్టించడం, లెక్కలు చేయించడం వంటి చికాకులు పెట్టిన రోజుల్లో 99 గ్రాములే తాగింది. అవే చికాకులు పెట్టి, ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇచ్చిన రోజుల్లో మళ్లీ 153 గ్రాములకు వచ్చింది. అంటే పాలు ఎక్కడికీ పోలేదు, లోపలే ఉన్నాయి, గేటు తెరుచుకోలేదు అంతే. ఇది ఒక్క తల్లి మీద చేసిన చిన్న ప్రయోగమే. కానీ మానసిక ఒత్తిడి, పెద్ద శబ్దాలు ఆక్సిటోసిన్‌ను తగ్గిస్తాయని తర్వాత తల్లుల రక్తాన్ని పరీక్షించిన పరిశోధనల్లోనూ తేలింది.

నష్టం మొదలయ్యేది ఇక్కడ

తల్లి కంగారులో ఉంది, చేపు రావడం ఆలస్యమైంది. బిడ్డ ఓపిక పట్టలేక ఏడుస్తాడు. పాలు లేవని ఇంట్లో తీర్పు వచ్చేస్తుంది. డబ్బా పాలు పడతారు, బిడ్డ కడుపు నిండి నిద్రపోతాడు. రొమ్ము చీకడం తగ్గుతుంది, ప్రొలాక్టిన్ తగ్గుతుంది. రొమ్ములో పాలు అలాగే నిలిచిపోతే 'ఇక అవసరం లేదు' అనుకుని శరీరం తయారీ తగ్గించేస్తుంది. పది పదిహేను రోజులకి పాలు నిజంగానే తగ్గుతాయి. అప్పుడు అందరూ "మేము చెప్పలేదా" అంటారు.

బిడ్డకి పాలు పట్టలేకపోయానన్న బాధ మాత్రం ఆ తల్లికి మిగిలిపోతుంది.

కోపంలో పాలిస్తే విషమా?

కాదు. ఒత్తిడిలో ఉన్న తల్లి పాలలో కార్టిసాల్ అనే హార్మోన్ కాస్త పెరగవచ్చు. అంతమాత్రాన పాలు విరిగిపోవు, విషం కావు. ఏడుస్తూ పాలిచ్చినా అవి పాలే. ఈ భయంతో బిడ్డకి పాలివ్వడం ఆపితేనే నష్టం. పైగా పాలిచ్చేటప్పుడు విడుదలయ్యే ఆక్సిటోసిన్ తల్లి మనసుని కూడా కొంత కుదుటపరుస్తుంది.

కొందరు తల్లులకి ఒక విచిత్రమైన అనుభవం ఉంటుంది. పాలు చేపుకు వచ్చే ముందు ఉన్నట్టుండి గుండెల్లో ఏదో దిగులు కమ్ముకుంటుంది, ఒకటి రెండు నిమిషాల్లో పోతుంది. ఇది శరీరంలో హార్మోన్ల మార్పు వల్ల వచ్చేది. బిడ్డ మీద ప్రేమ లేదని కాదు, ఎవరి దిష్టీ కాదు.

మొదటి వారమే ఎందుకు కష్టం?

మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి చిక్కటి పసుపు పచ్చని ముర్రుపాలు. కొద్దిగానే వస్తాయి. మొదటి రోజు బిడ్డకి ఒక్కోసారి చెంచాడు చాలు, పొట్టే అంత చిన్నది. పాలు బాగా పడేది రెండో రోజు నుంచి నాలుగైదు రోజుల మధ్య. కాన్పు ఎక్కువసేపు సాగినా, ఆపరేషన్ అయినా ఇది ఇంకొంచెం ఆలస్యం కావచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్ తోనే జరిగాయి. కాబట్టి ఇది ఏ ఒక్కరి ఇంటి సమస్యో కాదు.

సరిగ్గా ఈ మూడు నుంచి ఐదు రోజుల మధ్యే చాలామంది బాలింతలకి కారణం లేకుండా ఏడుపు వస్తుంది. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నిద్ర లేకపోవడం దీనికి కారణాలు. రెండు వారాల్లో తగ్గిపోతుంది. మన ఇళ్లలో ఏడో రోజు అఖీఖా కూడా పెట్టుకుంటాం. చుట్టాలు, వంటలు, ఇల్లంతా జనం. ప్రతి ఒక్కరూ గదిలోకి వచ్చి "పాలు వస్తున్నాయా?" అని అడిగేవాళ్లే. అడిగేవాళ్లది ప్రేమే, కానీ ఆ ప్రశ్న పదిసార్లు వినే అమ్మాయికి అది పరీక్షలా ఉంటుంది. అఖీఖా చేసుకోవాలి, సంతోషంగా చేసుకోవాలి. తల్లీబిడ్డల గది తలుపు మాత్రం ఆ రోజు వేసి ఉండాలి.

పాలు సరిపోతున్నాయని ఎలా తెలుస్తుంది?

ఏడుపుని బట్టి కాదు. బిడ్డ ఉక్కపోసినా, తడిసినా, ఎత్తుకోమన్నా ఏడుస్తాడు. సాయంత్రం పూట మాటిమాటికీ పాలు అడగడం కూడా మామూలే. చూడాల్సినవి ఇవి:

ఐదో రోజు తర్వాత రోజుకి కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తున్నాడా? మొదటి రోజుల్లో బరువు కొంచెం తగ్గడం సహజం, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకి వచ్చాడా? పాలు తాగేటప్పుడు గుటకలు వినిపిస్తున్నాయా? ఇవి బాగుంటే పాలు సరిపోతున్నట్టే. మూత్రం తగ్గినా, బిడ్డ మగతగా ఉండి పాలు తాగకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించాలి. థైరాయిడ్, కాన్పులో ఎక్కువ రక్తం పోవడం, బిడ్డ నోరు సరిగా పట్టకపోవడం వంటి కారణాలు కూడా ఉంటాయి. అన్నిటికీ "టెన్షన్" అనేస్తే అసలు జబ్బు దాగిపోతుంది. డాక్టర్ చెప్పి డబ్బా పాలు పట్టాల్సి వస్తే అందులో తల్లి తప్పేమీ లేదు.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది

అమ్మీ, సాస్, నానీమా, వదిన ఎవరైనా సరే, ముందు గది ఖాళీ చేయండి. బిడ్డని బట్టలు లేకుండా తల్లి గుండె మీద పడుకోబెట్టి పైన దుప్పటి కప్పండి. చర్మానికి చర్మం తగిలితే చేపు త్వరగా వస్తుంది. పాలిచ్చే ముందు వెన్నెముకకి రెండు పక్కలా మెల్లగా మర్దన చేయండి. ఆపరేషన్ అయినవాళ్లు పక్కకి పడుకుని పాలివ్వడానికి సాయం పట్టండి. మొదటి వారాల్లో రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలివ్వాలి, కాబట్టి మిగతా సమయంలో ఆమెని నిద్రపోనివ్వండి. బట్టలు మార్చడం, తేపు తెప్పించడం, రాత్రి బిడ్డని ఎత్తుకుని తిప్పడం భర్త చేయగలిగిన పనులే. ఆస్పత్రి బిల్లు, అప్పుల లెక్కలు ఆమె మంచం దగ్గర మాట్లాడకండి.

ఇవి ఉత్త ఓదార్పు మాటలు కావు. మలేషియాలో మొదటిసారి తల్లులైనవాళ్లలో కొందరికి పాలిచ్చేటప్పుడు మనసు తేలికపరిచే ఆడియో వినిపించారు. వాళ్లలో ఒత్తిడి తగ్గింది, వాళ్ల పిల్లలు మిగతావాళ్ల కంటే ఎక్కువ బరువు పెరిగారు. ఈ పరిశోధన 2019లో వచ్చింది.

రెండు వారాలు దాటితే

దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డని చూసినా ఏమీ అనిపించకపోతే, బిడ్డ పడుకున్నా నిద్ర పట్టకపోతే అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసి 2017లో వేసిన అంచనా ప్రకారం ఇది 22 శాతం తల్లుల్లో ఉంటుంది. అంటే ఐదుగురిలో ఒకరు. ఇది ఈమాన్ తక్కువై వచ్చేది కాదు, దీనికి వైద్యం ఉంది. పాలిస్తూనే వాడదగ్గ మందులూ ఉన్నాయి, డాక్టర్‌ని అడగాలి. ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416కి రోజులో ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. తనకో బిడ్డకో హాని చేసుకోవాలన్న ఆలోచన వస్తోందంటే మాత్రం ఆమెని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఖుర్ఆన్‌లో అల్ బఖరా సూరా 233వ ఆయత్ పేరు చెప్పగానే మనకి రెండేళ్లు పాలివ్వాలన్న మాటే గుర్తొస్తుంది. అదే ఆయత్‌లో తల్లి తిండి, బట్ట తండ్రి బాధ్యత అనీ, బిడ్డ కారణంగా తల్లిని కష్టపెట్టకూడదనీ, పాలు మాన్పించడం కూడా ఇద్దరూ మాట్లాడుకుని ఇష్టపడి చేయాలనీ ఉంది. పాలివ్వమని ఆమెకి గుర్తు చేసే ముందు మన వంతు బాధ్యత గుర్తు తెచ్చుకోవాలి.

మా ఆపా విషయంలో ఆ రోజు మా నానీమా అందరినీ బయటికి పంపి తలుపు వేసేసింది. లోపల ఏం చెప్పిందో మాకు తెలియదు. అరగంట తర్వాత బిడ్డ ఏడుపు ఆగింది. డబ్బా తేవడానికి బయల్దేరిన బావని నానీమాయే వెనక్కి పిలిచింది.